పొట్టి బండి

మొన్న మహబూబాబాదులో మా మనవడు కూరగాయల బేరానికి ట్రాలీ ఆటో కొంటానంటే నేనూ వెంట వెళ్ళాను. బరువుతో ఎత్తు ఎక్కుతుందా, ఎన్ని బస్తాలు పడతాయి, లీటరుకు ఎంత దూరం పోతుంది అని వాడు అడుగుతుంటే, పక్క షెడ్డులో విప్పి పెట్టిన చక్రాల నుంచి గ్రీజు వాసన వచ్చింది. ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి ఇరుసుకు పూసే కందెన వాసన వేరు. అయినా నా ముక్కు దాన్ని కందెనగానే తీసుకుంది. వాడు అడిగిన మూడు మాటలూ నా చిన్నప్పుడు మా ఇంట్లో విన్నవే. మా బాపు మాత్రం ఆ మూడింటి పక్కన నాలుగోది ఒకటి పెట్టుకున్నాడు.

మాది నెల్లికుదురు దగ్గర ఊరు. నాకు పాలపళ్ళు ఊడుతున్న కాలమది. వానలు వెనకబట్టి, జొన్న పాలు పోసుకుని, చెలక గట్ల మీద గునుగు, తంగేడు విరగబూసే రోజుల్లో ఆడపిల్లలమంతా అరుగుల మీద కచ్చకాయలాడుతూ, సద్దుల బతుకమ్మకు అవ్వ అని పిలిచే మా అమ్మ చేసే మలీద ముద్దల కోసం, వేడి రొట్టెను బెల్లంతో నలిపేటప్పుడు వచ్చే ఆ వాసన కోసం ఎదురుచూసేవాళ్ళం. కాని ఆ ఏడు ఆట మధ్యలో చక్రాల చప్పుడు వినబడితే చాలు, కచ్చకాయలు ఒళ్ళో వేసుకుని ఇళ్ళల్లోకి ఉరికేవాళ్ళం. దొర మనుషుల బండి ఎవరి కోసం వస్తున్నదో తెలిసేది కాదు. పెద్దవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు. తాత చుట్ట నిప్పును కూడా అరచేత్తో కప్పుకుని తాగేవాడు.

ఊళ్ళో మంచి బండి ఉండటమే గండం. కోటలాంటి దొర గడీకి వడ్లు మోయడానికి వెట్టి కింద ముందు పెద్ద బండ్లనే పట్టుకుపోయేవారు. పోయిన బండి దున్నే అదును దాటాక తిరిగొచ్చేది. ఒక్కోసారి ఎడ్లు ఎక్కడో పడిపోయి, కాడి ఒక్కటే మనిషి భుజం మీద ఇల్లు చేరేది. సరిగ్గా ఆ రోజుల్లోనే మా పాత బండి ఇరుసు విరిగింది.

"కొంటే పెద్దదే కొనాలె," అన్నాడు తాత. "కొమ్ములు తిరిగిన తెల్ల ఎడ్లు కట్టాలె. బురదల దిగినా గుంజుకరావాలె."

"గా ఎడ్లకు గడ్డి యాడికెళ్ళి తెద్దాం మామా?" అంది అవ్వ. "దొర మనుషులు వామును కాలవెట్టి పోయిన్రు గదా. ఉన్న సొప్ప ఆవుకే సాలుత లేదు."

బాపు విరిగిన ఇరుసును కాలితో దొర్లించి, "మనకు సాలాలె, వాళ్ళకు సాలొద్దు," అన్నాడు.

వడ్రంగి నర్సయ్య దగ్గరికి పోయి బాపు తనకు కావలసిన కొలత గీసి చూపించాడు. గడీ బస్తాలు అడ్డంగా వేసినా నిలువుగా వేసినా బయటికి జారేటంత పొట్టి బండి అది. నర్సయ్య బాడిస కింద పెట్టి, "గిట్ల చేస్తే నలుగురు నవ్వుతరు మల్లయ్యా," అన్నాడు. "నవ్వనియ్యి. నవ్వేటోళ్ళు గుంజుకపోరు," అన్నాడు బాపు. ఎడ్లను కూడా అట్లాంటివే తెచ్చాడు. ఎర్రటి చిన్న జత. అడవి పక్కన పెరిగినవి కాబట్టి గడ్డి లేకపోతే ఆకు అలము తిని బతికేవి. చదును నేల మీద పొద్దంతా నడిచేవి, ఎత్తు వస్తే మాత్రం రొప్పేవి. అవ్వ పాత చీరలతో చిన్న చిన్న సంచులు కుట్టింది. మా వడ్లు వాటిలో ఇల్లు చేరాయి.

గడీ మనిషి వచ్చి ఆ బండి చుట్టూ తిరిగి, ఉమ్మేసి, పక్కింటి లచ్చవ్వ బండిని తోలుకుపోయాడు. లచ్చవ్వకు మొగుడు లేడు. పెళ్ళీడు కొడుకు కొమురయ్యే ఆ పెద్ద బండికీ, ఇంటికీ ఆధారం. వెట్టి నుంచి అతను బండి లేకుండా, వీపు మీద వాతలతో వచ్చాడు. ఆ నెలలోనే కొమురయ్య, బాపు తమ్ముడైన మా సాయిలు చిన్నాయినతో కలిసి, వెట్టికి ఎదురు తిరిగిన సంఘంలోకి వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళు సంఘం మాట చెల్లింది. దొర పట్నం పారిపోయాడు, వెట్టి ఆగింది. మరుసటేడు సంఘం వాళ్ళను పట్టడానికి ఊరి బయట తుపాకుల వాళ్ళ క్యాంపు పడింది. వాళ్ళ వెనకే దొర మనుషులు తిరిగొచ్చారు. సంఘం వాళ్ళు అడవి పట్టారు.

ఆ సద్దుల బతుకమ్మకు చిన్నాయినా, కొమురయ్యా అడవి నుంచి వచ్చి, మలీద తిని, జొన్నచేలో మంచె మీద పడుకున్నారు. తెల్లవారేసరికి క్యాంపు వాళ్ళు చేను చుట్టుముట్టారు. చేతులు వెనక్కి కట్టి మా వాకిట్లోకి నడిపించుకొచ్చి, బండి కట్టమన్నారు.

"పొట్టి బండి అయ్యా, బస్తాలు పట్టయి," అన్నాడు బాపు.

"బస్తాలు గాదు, మనుషులు. ఇద్దరికి సరిపోతది," అన్నాడు వాళ్ళ పెద్ద.

బాపు సొంత తమ్ముణ్ణి తనే బండిలో కూర్చోబెట్టాడు. మోకాళ్ళు గడ్డానికి తగిలేటట్టు ముడుచుకుని కూర్చున్న చిన్నాయిన నన్ను చూసి, "లోపటికి పో బిడ్డా, ఎండ ఉన్నది," అన్నాడు. అప్పటికి ఇంకా పొద్దు పొడవలేదు.

దారిలో జరిగింది బాపు జన్మలో ఒక్కసారే చెప్పాడు. మహబూబాబాదు పోయే తోవలో రాళ్ళగడ్డ అనే ఎత్తు ఉండేది. కట్టేసిన ఇద్దరూ, కావలి జవాన్లిద్దరూ కలిసిన బరువుకు సగం ఎత్తులో ఎడ్లు మోకాళ్ళ మీద కూలాయి. జవాన్లు బండి దిగారు కాని చక్రం మీద చెయ్యి వేయలేదు. ఖైదీల కట్లు విప్పి తోయమన్నారు. బండి కొస దాకా ఎక్కింది. ఎక్కగానే చిన్నాయిన ఎడమవైపు వాగులోకి దూకాడు. కొమురయ్య కుడివైపు ఉరికాడు. అటు ఒట్టి బండరాయి, చాటుకు చెట్టు లేదు.

కావాలనే ఎడ్లను ఆపాడని బాపు కుడిచేతిని తుపాకి మడమతో రాతి మీద చితక్కొట్టారు. నిజంగానే ఆపావా అని పెద్దయ్యాక అడిగాను. బాపు ముడుచుకోని ఆ వేళ్ళకేసి చూసుకున్నాడు.

పొద్దు వాలుతుండగా బండి తిరిగొచ్చింది. అందులో కొమురయ్య ఉన్నాడు. పొడుగు మనిషి, కాళ్ళు బండి దాటి బయటికి వేలాడుతున్నాయి. లచ్చవ్వ వచ్చి ఆ పాదాలు రెండూ పట్టుకుని నిలబడింది. వాడ జనమంతా తలుపుల వెనక ఉన్నారు, ఏడ్పు ఎక్కడా వినబడలేదు.

"ఎడ్లు ఎక్కలేకపోయినయి అక్కా," అన్నాడు బాపు.

"ఎక్కుంటే ఇద్దరు పోతుండె తమ్మీ," అంది లచ్చవ్వ.

చిన్నాయిన బతికి ఉన్నాడో లేడో మాకు చాలాకాలం తెలియదు. ఆకు కదిలినా అవ్వ తలుపు వైపు చూసేది. సంఘం తుపాకులు దించాక ఒక మధ్యాహ్నం గడ్డం పెరిగి, ఎముకలు తేలి తిరిగొచ్చాడు. మా ఇంటికి కాదు, ముందు లచ్చవ్వ గడపలోకి పోయి కూర్చున్నాడు. ఆమె ఏమీ అడగకుండా అంబలి పోసింది. ఆమె పోయేదాకా చిన్నాయిన ఆమె చెలక దున్నాకే మా చెలకలో నాగలి పెట్టాడు. బాపు ఆ బండిని మళ్ళీ కట్టలేదు. అది దొడ్లోనే చెదలు పట్టిపోయింది.

రోడ్డు వేసినప్పుడు రాళ్ళగడ్డను కోసేశారు, ఇప్పుడక్కడ ఎత్తున్న సంగతి కూడా తెలియదు. జొన్నచేల జాగాలో పత్తి వచ్చింది, మంచెలు పోయాయి, గడీ గోడల రాళ్ళు ఊళ్ళో ఎవరెవరి పునాదుల్లోనో ఉన్నాయి. మా ఇంటి పేరు గలవాళ్ళది ఊళ్ళో ఇప్పుడొక వాడ. అందులో సగం మంది చిన్నాయిన మనవలూ మునిమనవలూ. లచ్చవ్వ ఇంటి పేరు గలవాళ్ళు మా ఊళ్ళో ఎవరూ లేరు.