మూలం లేని వాక్యం

పలకరాయి వ్యాసంలో నా వాక్యాన్ని తీసేయడం న్యాయమేనా అని, ఎవరైనా దిద్దగల ఆన్‌లైన్ విజ్ఞానసర్వస్వం చర్చా పేజీలో రెండేళ్లుగా అడుగుతున్నాను. తోటి రచయితలు ఒక్కరూ జవాబివ్వలేదు.

రెండేళ్ల కిందట గిద్దలూరులో రైలెక్కి ఫోనులో ఆ వ్యాసం దిద్దుతుంటే పక్కనున్న ముసలాయన రాతి ఫొటో చూసి నవ్వాడు.

“రాయి గురించి రాస్తాండావా నాయనా? ఉలి పెట్టేముందు తట్టి వినాల. కంగుమంటే పొరలు బాగా లేస్తాయి. మోత రాకుంటే లోపల పగులున్నట్టే.”

“నీకెట్ల తెలుసు తాతా?”

“నలభై ఏండ్లు మార్కాపురం గనిలో పని చేసినా. ఇన్నేండ్లలో అడిగినోడివి నువ్వొక్కడివే.”

కిటికీ కమ్మీని వేలితో తట్టి, చెవి ఆనించి చూపించాడు. కంభంలో దిగిపోయాడు. పేరు అడగకపోవడం నా తప్పే.

ఆయన చెప్పిందే ఆ రోజు వ్యాసంలో రాశాను. మర్నాటికి ‘మూలం లేదు’ అని తీసేశారు. నలభై ఏళ్లు రాయిని విన్న మనిషి మూలం కాకపోతే, ఇంకెవరిని అడిగి రాయాలో తీసేసినవారు ఇప్పుడైనా చెప్పాలి.