అమావాస్య నాడు కదలని జహాజు

“మాట రాకపోతే పోనీ, దొంగతనం కూడా నేర్చుకుని వస్తే ఏం చేద్దాం?”

మా ఐదేళ్ల పవిత్ర పక్కింట్లో కూర్చుని ఓడదొంగల కథ వింటోందని తెలిసిన రోజు నా భర్త వాసుదేవ్‌తో నేనన్న మాట ఇది. ఆయన సంగటి ముద్ద తుంచుతూ, “కోడుమూర్లో ఓడ యాడుండాది, దోచుకునేదానికి?” అన్నాడు. నాకు నవ్వు రాలేదు. నేను మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ చేశాను. కంటికి కనిపించనివాటికి భయపడటం నా చదువు నాకు నేర్పిన పని. పెళ్లయి రాజంపేట నుంచి ఇక్కడికి వచ్చాక, రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం చేస్తూ ఆ పనిలో ఇంకా ఆరితేరాను.

పవిత్ర ఇంట్లో ఆపకుండా మాట్లాడుతుంది. గడప దాటిందంటే ఒక్క మాట బయటికి రాదు. ఎవరైనా పేరడిగితే నా చున్నీలోకి దూరిపోతుంది. కర్నూలు డాక్టరు చెవులు, నాలుక, గొంతు అన్నీ చూసి, లోపమేమీ లేదని, కొందరు పిల్లలకు బయట బెదురుతో నోరు పెగలదని, తొందరపెట్టొద్దని చెప్పాడు. చీటీలో మందులేమీ రాయకపోవడంతో ఆయన మీద నాకు నమ్మకం కుదరలేదు. నేనే వైద్యం మొదలుపెట్టాను. పవిత్ర రోజూ బయట ఎన్ని మాటలు మాట్లాడిందో నోటుబుక్కులో రాసి గ్రాఫు గీసేదాన్ని. నాలుగు నెలల గ్రాఫులో గీత సున్నా మీదే పడుకుని ఉంది. అయినా రోజూ స్కేలు పెట్టి మరీ కొత్త చుక్క పెట్టేదాన్ని.

ఇంతలో బడిలో టీచరు పద్మప్రియ నన్ను పక్కకు పిలిచింది. “యూకేజీ పిల్లల్ని కరెస్పాండెంటు గారు ఒక్కొక్కరినే పిలిచి పేరు, ఊరు అడుగుతారు. నోరు తెరవకపోతే ఇంకో ఏడాది యూకేజీలోనే ఉంచమంటున్నారు. ఇరవై రోజులుంది మేడమ్,” అంది. తోటిపిల్లలంతా ఒకటో తరగతికి పోయి, పవిత్ర ఒక్కతే ఆ పొట్టి కుర్చీలో మిగిలిపోవడం నా కళ్లకు కట్టింది. ఆ రోజు ల్యాబులో ఒకే రక్తాన్ని మూడుసార్లు పరీక్ష చేశాను.

ఇక ఆ ఓడదొంగ సంగతి. పక్కింటి కేశవయ్యకు అరవై రెండేళ్లు. ఒకప్పుడు ఆయన ఇంటి వెనక రేకుల షెడ్డులో ఎనిమిది మగ్గాలు ఆడేవట. ఇప్పుడు మిగిలింది ముందు గదిలోని ఒక్క గుంట మగ్గం. గుంటలోకి కాళ్లు దించుకుని, గట్టు మీద కూర్చుని నేస్తాడు. ఎనిమిది మగ్గాల చప్పుడు మీద మాట వినిపించాలని నలభై ఏళ్లు అరిచిన గొంతు, మగ్గాలు పోయినా తగ్గలేదు. మేము ఈ ఇంట్లోకి కొత్తగా వచ్చిన వారంలో ఆయన భార్య సుబ్బక్కను మజ్జిగ అడుగుతుంటే, కొడుతున్నాడేమోనని గోడ మీంచి తొంగి చూశాను. ఆవిడ రాట్నం మీద కండెలు చుడుతూ, “అడిగేది మజ్జిగేలేమ్మా. నువ్వూ తాగుతావా?” అంది.

నేను ల్యాబు నుంచి వచ్చేది ఆరింటికి. అంతదాకా పవిత్రను తమ దగ్గర కూర్చోబెట్టుకుంటానని సుబ్బక్కే అడిగింది. నేను ఒప్పుకునే ముందు వాళ్ల కుండనీళ్లు సీసాలో పట్టుకుపోయి పరీక్ష చేశాను. బాగానే ఉన్నాయి. అనుమానం తీరక మళ్లీ చేశాను. అయినా బాగానే ఉన్నాయి.

వీధిలోని నలుగురైదుగురు పిల్లలు కూడా ఆ వేళకు అక్కడికి చేరతారు. కేశవయ్య నేస్తూనే కప్తాన్ వెంకటప్ప కథ చెబుతాడు. ఆ కప్తాను పేరు వింటే ఏడు దర్యాల్లోని, అంటే సముద్రాల్లోని, రాజులకు పైజామాలు తడుస్తాయి. ఆయన జహాజును చూసి తిమింగలాలు పక్కకు తప్పుకుంటాయి. అంతటివాడు తన మనుషుల్లో ఎవరికైనా జ్వరమొస్తే దోపిడీ మధ్యలో వదిలేసి, మిరియాల చారు కాచి తానే తాగిస్తాడు. జహాజులో అందరూ తిన్నాకే తను తింటాడు. లంగరు ఎత్తే ముందు ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తాడు. ఆ చోట కేశవయ్య ఎదురుగా ఉన్న పిల్లల పేర్లే పిలుస్తాడు; వాళ్లు “ఉండా!”, అంటే ఉన్నానని, అనాలి. ఒక్క మనిషి తక్కువైనా జహాజు కదలదు.

మొదటిరోజు విని ఊరుకోలేకపోయాను. ఆ జహాజు మధ్యలో ఒక గుంట ఉంటుంది. కప్తాను అందులోకి కాళ్లు దించి చెక్కలు తొక్కితే జహాజు నడుస్తుంది, తెరచాప దానంతటదే నేసుకుంటూ పోతుంది. పైగా అందరూ సముద్రంలో బకెట్ ముంచి నీళ్లు తాగుతారు.

“మామా, సముద్రం నీళ్లు ఉప్పు. తాగితే ప్రమాదం. పిల్లలు నిజమనుకుంటారు,” అన్నాను.

“మన బోరు నీళ్లకన్నా ఉప్పగుంటాయా?”

“నువ్వెప్పుడైనా సముద్రం చూసినావా మామా?”

“హంద్రీని చూసినా. అదీ ఎండినప్పుడు.”

“మగ్గం తొక్కితే ఓడెట్ల నడుస్తుంది?”

“నా సంసారం నలభై ఏండ్లు నడిచింది కదమ్మా. ఓడెంత?” పిల్లలు పకపకా నవ్వారు. పవిత్ర కూడా నవ్వింది, చప్పుడు లేకుండా. ఆ నవ్వు లెక్కలోకి వస్తుందో రాదో తేలక ఆ రోజు చుక్క పెట్టలేదు.

పద్మప్రియ హెచ్చరిక తర్వాత మాత్రం నాకు ఆశ పుట్టింది. కథలో పేర్లు పిలుస్తారు, “ఉండా” అనాలి. ఇంతకన్నా మంచి ప్రయోగం ఏముంటుంది? ఇంట్లో అట్టముక్కల మీద కప్తాను బొమ్మలు గీశాను. “పవిత్రా!” అని పిలిచి, “ఉండా” అంటే ఒక చాక్లెట్. ఎదురుగా కూర్చుని ఆ చిన్న నోటివైపు కన్నార్పకుండా చూశాను. మొదటిరోజు రెండు చాక్లెట్లు గెలిచింది. రెండోరోజు ఒకటి. మూడోరోజు నుంచి ఇంట్లో కూడా మాట్లాడటం మానేసింది. ఆ చాక్లెట్లన్నీ నేనే తిన్నాను, దిగులుతో.

అప్పుడు నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. పిల్ల బడిలో మాట్లాడకపోతేనేం, కేశవయ్య ఇంట్లో మాట్లాడితే టీచరుకు చూపించవచ్చు కదా! మాట్లాడుతుందో లేదో నాకు తెలియదు. అయినా ఒక సాయంత్రం ల్యాబుకు సెలవు పెట్టి పద్మప్రియను వెంటబెట్టుకుని వెళ్లాను.

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. కేశవయ్య అరుగు మీద ఖాళీగా కూర్చున్నాడు. మగ్గం మీద గుడ్డ కప్పి ఉంది.

“ఈ పొద్దు జహాజు కదల్దమ్మా. అమావాస్య,” అన్నాడు.

అమావాస్య రోజు వాళ్లు మగ్గం ముట్టరు. మూడేళ్లు పక్కనే ఉండి, ఆ ఇంటి నీళ్లను రెండుసార్లు పరీక్ష చేసినదాన్ని, నెలకోసారి అక్కడ చప్పుడు ఉండదన్నది గమనించలేదు.

“కథ వద్దులే మామా. ఊరికే పేర్లు పిలువు. టీచరమ్మ పని మానుకుని వచ్చింది,” అని బతిమాలాను.

“మగ్గం ఆడకుండా పేర్లు పిలిస్తే బాగుండదమ్మా.”

“పవిత్ర కోసం మామా.”

ఆయన సరేనన్నాడు. అక్కడున్న పిల్లలు లేచి నిలబడ్డారు.

“ఓబులేషు!”

“కర్నూల్లో ఉండాడు!” అని పిల్లలంతా ఒక్కసారిగా అరిచారు.

“పుల్లమ్మ!”

“బిడ్డ ఇంటికి పోయుండాది!”

పద్మప్రియ అర్థంకానట్లు చూసింది. “మా షెడ్డులో నేసినోళ్లు టీచరమ్మా,” అంది సుబ్బక్క. “ఓబులేషు ఇప్పుడు అపార్టుమెంటు కాడ వాచ్‌మన్. ఈయప్ప ఎవురి పేరూ కొట్టెయ్యడు. అప్పట్లో ఎనిమిది మగ్గాలోళ్లూ తిన్నాకే ఈయన కంచం ముందర కూచునేటోడు.”

“భూపేషు!” “ఉండా!” “మహాదేవి!” “ఉండా తాతా!”

“పవిత్ర.”

ఆ పేరును మాత్రం ఆయన మెల్లగా పిలిచాడు. అంత మెల్లటి గొంతు ఆయనకు ఉందని నాకు తెలియదు. నేను, పద్మప్రియ, ఇద్దరం ముందుకు వంగి పవిత్ర నోటివైపు చూశాం. అరుగు మీద ఈగ వాలితే వినిపించేంత నిశ్శబ్దం. పవిత్ర పెదవులు బిగించుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

“ఉండాది. నాకు కనపడ్తాండాది,” అని కేశవయ్య తర్వాతి పేరు పిలిచాడు.

పద్మప్రియ పోతూ పోతూ నా భుజం తట్టింది. ఆ తట్టడంలో యూకేజీ రెండో ఏడాది వినిపించింది నాకు.

మర్నాడు పిల్లను ఇక అక్కడికి పంపకూడదనుకుని, తీసుకొచ్చేయడానికి ఐదింటికే వెళ్లాను. మగ్గం ఆడుతోంది. వాకిట్లోనే ఆగిపోయాను. నేతను బిగించడానికి దారాల మీదికి లాగి కొట్టే చెక్కను వాళ్లు పలక అంటారు. కేశవయ్య ఒక్కో పేరూ పిలుస్తూ పలకను మామూలుగా లాగుతున్నాడు. “పవిత్రా!” అన్నప్పుడు మాత్రం వరుసగా నాలుగు దెబ్బలు దడదడా బాదాడు. తలెత్తలేదు. చూపంతా నేత మీదే.

ఆ దడదడలో నా కూతురి పెదవులు కదిలాయి. మాట నాకు వినిపించలేదు. కానీ ఆ రెండు అక్షరాలు కళ్లతో చదివాను. పక్కనున్న మహాదేవి చెవికి వినిపించినట్లుంది, ఏమీ జరగనట్లే తన గౌను దారం పీక్కుంటోంది.

పిల్లలు వెళ్లాక అడిగాను. “ఎన్నాళ్ల నుంచి మామా?”

“నెల దాటింది.”

“నాకు చెప్పలేదేం?”

“చెప్తే నువ్వు బుక్కులో రాస్తావు కదమ్మా,” అన్నాడు.

నిజంగానే ఆ క్షణాన చేతిసంచిలో పెన్ను కోసం వెతుకుతున్నాను.

“నిన్న అందుకే వద్దంటి. సప్పుడు లేకుంటే ఆ బిడ్డకు దాక్కునే చోటుండదు. నువ్వు ఆ నోట్లోకి అట్ల చూస్తాంటే నాకే మాట రాలేదు.”

ఆయనకు మాట రాకపోవడం అసాధ్యమే అయినా, విషయం అర్థమైంది. పద్మప్రియకు అంతా చెప్పాను. పరీక్ష రోజు నేను ఆఫీసు గది బయట బెంచీ మీద కూర్చున్నాను. లోపల ఆమె కరెస్పాండెంటు గారిని ఒప్పించి, మూలనున్న పాత టేబుల్ ఫ్యాను వేసింది. అది తిరుగుతుంటే పిండిమర ఆడినట్లుంటుంది. ఆయన ఫైలు చూసుకుంటూ, తను బీరువా సర్దుకుంటూ ఉండగా, “పవిత్రా,” అని పిలిచిందట.

“ఉండా అంది మేడమ్!” అని బయటికొచ్చి చెప్పింది. “మా బడిలో ప్రెజెంట్ మేడమ్ అనాలి. పోనీలెండి. ఊరు అడిగితే జహాజు అంది. కోడుమూరని నేనే రాసుకున్నా.”

పవిత్ర ఇప్పుడు ఒకటో తరగతి. బయటివాళ్లతో ఇప్పటికీ తక్కువే మాట్లాడుతుంది. అమావాస్య రోజు అసలే మాట్లాడదు. నా గ్రాఫుల నోటుబుక్కు వెనక పేజీల్లో తనే జహాజు బొమ్మలు గీస్తోంది, మధ్యలో గుంటతో సహా. ఒంట్లో బాగోని రోజు మిరియాల చారు అడుగుతుంది.

సంతోషం పట్టలేక నేను కేశవయ్య దగ్గరికి పోయి, “ఇంక నేనేం చెయ్యాలి మామా?” అని అడిగాను. ఏదో పెద్ద పద్ధతి చెబుతాడనుకున్నా, పెన్ను మాత్రం ఇంట్లోనే వదిలి వెళ్లాను. ఆయన తెగిన పోగును వేళ్లతో అతుకుతూ, తల ఎత్తకుండానే చెప్పాడు.

“పేరు పెట్టి పిలువు. పిలిచి నీ పని నువ్వు చేసుకో, కొంచెం సప్పుడయ్యేది. నోట్లోకి మాత్రం చూడొద్దు.”

అందుకే ఇప్పుడు సాయంత్రం పవిత్ర పక్కింటి నుంచి వచ్చే వేళకు నేను అంట్లు ముందేసుకుని, గుమ్మానికి వీపు పెట్టి కూర్చుంటాను. “బడిలో ఏం జరిగింది పవిత్రా?” అని అడిగి గిన్నెలు గట్టిగా తోముతాను. అంట్లు లేని రోజు కడిగినవే మళ్లీ తోముతాను.