ఆ సైకిలు ఇటలీదే!

ముందే చెప్తున్నాను, ఆ సైకిలు ఇటలీదే. పోయిన వారం అమీర్‌పేట్‌లో ఓ లేడీస్ హాస్టల్ మొత్తం సాంబారు లేకుండా ఇడ్లీలు తిన్న మాట నిజమే. దానికి కారణం నేనే, అదీ నిజమే. నా లేత నీలం చుడీదారు ఇప్పుడు ఏ రంగులో ఉందో చెప్పడం ఎవరి తరమూ కాదు, ఒప్పుకుంటాను. కానీ సైకిలు విషయంలో మాత్రం వెనక్కి తగ్గేది లేదు. ఇటలీదే!

నవ్వడం అయిపోయిందా? అయితే ఆ ఫ్లాస్కు ఇటివ్వండి, మొదట్నుంచీ చెప్తాను.

నా సైకిళ్ళ పిచ్చి మీలో పాతవాళ్ళకి తెలుసు. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళ కోసం చెప్తున్నా. మోకాళ్ళ నొప్పులకి డాక్టరు సైకిలు తొక్కమన్నాడు. ఏది కొనాలా అని ఫోన్లో వెతుకుతుంటే ఓ పాత ఇటలీ రేసు సైకిలు ఫొటో కనపడింది. అంతే! మోకాళ్ళ నొప్పులు అలాగే ఉన్నాయి, నేను మాత్రం ఆ ఫొటో దగ్గరే ఇరుక్కుపోయాను. స్టీలు సైకిలండీ. సన్నటి గొట్టాలు. గొట్టం గొట్టం కలిసే చోట ఓ చిన్న తొడుగుంటుంది. మన జాకెట్టు మెడకి టైలరు పైపింగ్ వేసినంత శ్రద్ధగా ఆ తొడుగు అంచుల్ని ఆకురాయితో అరగదీసి, మొనలు తేల్చి, మధ్యలో చిన్న గుండె ఆకారం కోసి పెడతారు. ఎవరు చూస్తారని? తొక్కేవాడికి కూడా కనపడదు. అయినా చేశారు చూడండి, అదీ నాకు నచ్చింది.

మా ఆయన రమణ గారికి ఇవన్నీ వినీ వినీ చెవులు చిల్లులు పడ్డాయి. "ఇనప గొట్టాలకి ఇంత వర్ణన ఏంటి వసూ?" అంటారు. అననివ్వండి. పార్కింగ్‌లో కనపడ్డ ప్రతి సైకిల్నీ నేను వేలితో కొట్టి చూస్తాను. మంచి స్టీలు గొట్టం పల్చగా ఉంటుంది, టంగుమంటుంది. మామూలుది డబ్బుమంటుంది. కొబ్బరికాయ కొనేటప్పుడు మీరు కొట్టి చూడరా? ఇదీ అంతే. మా అపార్ట్‌మెంట్ వాళ్ళు నా గురించి ఏమనుకుంటున్నారో నాకు అనవసరం.

కానీ ఒక్కటే బాధ ఉండేది. ఇన్నేళ్ళలో ఒక్క అసలైన ఇటలీ సైకిల్ని కూడా చేత్తో ముట్టుకోలేదు. అన్నీ ఫొటోలే. పాత సైకిళ్ళ వాళ్ళ వాట్సాప్ గ్రూపు ఒకటుంది. అందులో పుణేలో ఉండే కులకర్ణి గారని ఓ పెద్దమనిషి. ఎవరు ఏ ఫొటో పెట్టినా నేనే ముందు గుర్తుపట్టేస్తాను. ప్రతిసారీ ఆయనది ఒకటే పాట. "మేడం, నాలెడ్జ్ ఈజ్ గుడ్, బట్ ఓన్లీ ఫొటో నాలెడ్జ్." ఫొటో నాలెడ్జట! ఒళ్ళు మండిపోయేది. హైదరాబాద్‌లో ఒక్కటంటే ఒక్కటి దొరికితే చాలు, ఆయన నోరు మూయిద్దామని కాచుక్కూర్చున్నాను.

మన ఆఫీసు సెక్యూరిటీ యాదగిరి ఉన్నాడుగా. పోయిన వారం గేటు దగ్గర నా ఫోన్లో ఫొటో చూసి, "గిసుంటి ఇటలీ సైకిల్ మా గల్లీల సుత ఉన్నది మేడం" అన్నాడు.

నాకు కాళ్ళు ఒకచోట నిలవలేదు. "ఎక్కడ? ఎవరిది?"

"అమీర్‌పేట్‌ల మేడం. మల్లేశన్నది. రోజు పొద్దుగాల దాని మీదనే హాస్టళ్ళకు పోతడు."

"ఇటలీ సైకిల్ మీద హాస్టళ్ళకి ఎందుకు?"

"ఇడ్లీలు ఎయ్యనీకె. ఇడ్లీ సైకిల్ మీద ఇంకేం తీస్కపోతరు మేడం?"

ఇక్కడ నాకు చిన్న అనుమానం వచ్చింది, అబద్ధమెందుకు. మొదట ఇటలీ అన్నాడా, ఇడ్లీ అన్నాడా? ఇంటికెళ్ళి చెప్తే మా ఆయన పడీపడీ నవ్వారు.

"ఇడ్లీయే అనుంటాడు వసూ. నీకు అన్నీ ఇటలీలాగే వినపడతాయి."

"మొదట ఇటలీ అన్నాడు, తర్వాత ఇడ్లీ అన్నాడు. నాకు చెవుల్లేవా ఏంటి?"

"చెవులున్నాయి. మధ్యలో ఇటలీ అడ్డమొస్తోంది."

అంతే, ఒంటికాలి మీద లేచాను. "రేపు పొద్దున్నే వెళ్దాం పదండి. అది ఇటలీది కాకపోతే ఈ జన్మలో మళ్ళీ సైకిళ్ళ మాటెత్తను!" అనేశాను. ఆయన మొహం వెలిగిపోయింది. అంత వెలుగు మా పెళ్ళి ఫొటోల్లో కూడా లేదు.

మర్నాడు పొద్దున్నే శ్రీనగర్ కాలనీ నుంచి స్కూటర్ మీద బయల్దేరాం. యాదగిరి చెప్పిన సందు కోచింగ్ సెంటర్ల బోర్డుల వెనకాల ఉంది. పిల్లలు అప్పటికే బ్యాగులు తగిలించుకుని క్లాసులకి పరుగులు పెడుతున్నారు. సందు మొదట్లో సలీం భాయ్ సైకిల్ షాపు. దాని ముందే మల్లేశ్ సైకిలు స్టాండేసి ఉంది. వెనక క్యారియర్ మీద ఇడ్లీల డబ్బా, హ్యాండిల్‌కి ఓ పక్క సాంబారు క్యాను, ఇంకో పక్క చట్నీ క్యాను. సైకిలంతా గేట్లకి వేసే ఆకుపచ్చ రంగు పూసేసి ఉంది.

"ఇడ్లీ" అన్నారు మా ఆయన, ఎంతో తృప్తిగా.

నేను హ్యాండిల్ చూస్తున్నాను. రేసు సైకిలు హ్యాండిలు పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగి ఉంటుంది. దీని కొమ్ములు పైకి లేచి ఉన్నాయి. అంటే? క్యాన్లు జారిపోకుండా ఎవరో తలకిందులుగా బిగించారన్నమాట! వెళ్ళి గొట్టం మీద వేలితో కొట్టాను.

టంగ్!

అక్కడే నేల మీద చతికిలబడ్డాను. చున్నీకి పెట్టుకున్న పిన్నీసు తీసి తొడుగు మీద రంగు గోకడం మొదలుపెట్టాను. పచ్చరంగు పెచ్చులూడింది. దాని కింద ఎప్పటిదో మట్టి. ఇంకొంచెం గోకితే చిన్న కన్నం. గుండె ఆకారం! కళ్ళలో నీళ్ళొచ్చేశాయి. నవ్వకండి! ఇన్నేళ్ళు ఫొటోల్లో చూసింది నా వేలి కింద ఉంటే ఏడవకుండా ఏం చేయను?

మల్లేశ్ గాబరాపడిపోయి పరిగెత్తుకొచ్చాడు. "ఏందమ్మా, ఏమన్న పడిపోయిందా?"

"ఏం పోలేదు! మీ సైకిలు ఇటలీది, తెలుసా?"

"అవునమ్మ, ఇడ్లీదే."

"ఇడ్లీ కాదండీ, ఇటలీ!"

"నేను సుత అదే అంటున్న గదమ్మ. వడ కావాల్నంటే గా పక్క బండి కాడికి పోండ్రి."

మా ఆయన అటు తిరిగి నిలబడ్డారు. వీపు మాత్రం ఊగిపోతోంది.

ఎక్కడ దొరికిందని అడిగితే, పాత సామాన్ల కొట్లో తీసుకున్నాడట. ఎందుకంటే తేలిగ్గా ఉందట! మరి తేలిగ్గా ఉండదా? నేను గబగబా ఫొటోలు తీసి గ్రూపులో పడేశాను. కులకర్ణి గారు ఎప్పుడూ ఫోన్లోనే ఉంటారనుకుంటా, వెంటనే జవాబు. "హార్ట్ ఎవరైనా కోయొచ్చు మేడం. కుడి కప్పు ఎటు తిరుగుతుందో చూపించండి. వీడియో ప్లీజ్."

ఈ కప్పు గోల మీకు చెప్పాలి. రెండు పెడల్స్‌కీ మధ్యన ఇరుసుంటుంది కదా, దానికి ఇటొకటి అటొకటి కప్పులు బిగిస్తారు. మన సైకిళ్ళకి కుడి పక్క కప్పు తిరగమర. ఎడమకి తిప్పితే బిగుస్తుంది, కుడికి తిప్పితే ఊడుతుంది. ఇటలీవాళ్ళకి ఆ తిరకాసు లేదు, రెండు పక్కలా మామూలు మరే. కాబట్టి కుడి కప్పు ఎడమకి తిప్పినప్పుడు ఊడిందంటే ఇటలీదే. ఇంక ఎవరూ నోరెత్తడానికి లేదు.

"మల్లేశ్ గారూ, ఈ కప్పు ఎప్పుడైనా విప్పారా?" అనడిగాను.

"విప్పుడెందుకమ్మ, అదే ఊడుతది. సలీం భాయ్ బిగిస్తనే ఉంటడు, అది లూజైతనే ఉంటది."

నేను ఎగిరి గంతేశాను. మోకాళ్ళు కూడా అడ్డం చెప్పలేదు. ఊడక ఏం చేస్తుంది? పాపం సలీం భాయ్ మన సైకిలే అనుకుని ఎడమకి తిప్పుతూ వచ్చాడు!

"మీరు దీన్ని బిగించట్లేదు భాయ్, విప్పుతున్నారు" అన్నాను.

ఆయనకి రోషమొచ్చింది. "అరె మేడం, చిన్నప్పటి సంది గిదే పని నాది. కుడి పక్క కప్పు ఎడమకే బిగుస్తది. దునియాల ఏ సైకిలైనా గంతే."

"ఇటలీది తప్ప!"

"ఇడ్లీ బండికి వేరే రూల్ ఉంటదా మేడం?"

చుట్టూ క్లాసుల పిల్లలు పోగయ్యారు. ఇంతమంది ముందు, అందులోనూ మా ఆయన ముందు, నేను తగ్గుతానా? "పెడల్ తీయండి భాయ్, తేల్చేద్దాం" అన్నాను. మల్లేశ్ "టైమైతుందమ్మా, హాస్టల్ పిల్లలు ఎదురుచూస్తరు" అంటున్నాడు. రెండే నిమిషాలన్నాను. పోనీ క్యాన్లన్నా దించుతానన్నాడు. "రెండు నిమిషాల దానికి దించడమెందుకు?" అన్నాను. ఆ మాట నేనే అన్నాను, గుర్తుంచుకోండి.

సలీం భాయ్ కుడి పెడల్‌నీ పళ్ళచక్రాన్నీ ఊడదీసి, స్పానర్ నా చేతిలో పెట్టాడు. "మీరే తిప్పుండ్రి మేడం. మళ్ళ నన్ను అనొద్దు." ఎడమ చేత్తో ఫోను, కుడి చేత్తో స్పానరు. వీడియో ఆన్ చేసి, "ఫ్రెండ్స్, దిస్ ఈజ్ అమీర్‌పేట్, హైదరాబాద్" అంటూ ఇంగ్లీషులో కామెంటరీ మొదలుపెట్టి, కప్పుని ఎడమకి తిప్పాను.

కదిలింది. ఊడుతోంది!

"సీ! లెఫ్ట్! ఎడమకి ఊడుతోంది! సీ కులకర్ణి గారూ!"

సలీం భాయ్ కళ్ళు పెద్దవైపోయాయి. "యా అల్లా" అన్నాడు. మల్లేశ్ "ఇగ చాలమ్మ" అన్నాడు. చాలని ఎలా ఆపుతానండీ? ఇన్నేళ్ళ ఫొటో నాలెడ్జ్ అది! ఇంకో చుట్టు తిప్పాను. ఇంకో చుట్టు. కప్పు మొత్తం ఊడి నా చేతిలోకి వచ్చేసింది. దాంతోపాటే లోపలి బేరింగ్ బాల్స్ అన్నీ ఘల్లుమని రోడ్డు మీద పడ్డాయి.

నేను చూసుకోలేదు. గెలిచిన కప్పులాగా దాన్ని పైకెత్తి పట్టుకుని లేచి నిలబడ్డాను. కాలు సరిగ్గా బాల్స్ మీద పడింది. చెప్పు జర్రున జారింది. ఏదో ఒకటి పట్టుకోవాలి కదా, హ్యాండిల్ కొమ్ము పట్టుకున్నాను. సాంబారు క్యాను ఉన్న కొమ్ము.

స్టాండు లేచింది. సైకిలు నా మీదికి వచ్చింది. సాంబారు దానికంటే ముందే వచ్చింది.

దేవుడి దయవల్ల అప్పటికి గోరువెచ్చగా అయింది. మా ఆయన జీవితంలో మొదటిసారి క్యాచ్ పట్టారు, ఇడ్లీల డబ్బా. చట్నీ క్యాను మల్లేశ్ అందుకున్నాడు. నన్ను మాత్రం ఎవరూ పట్టుకోలేదు. నేను నడిరోడ్డు మీద సాంబారులో కూర్చుని ఉన్నాను. భుజం మీద మునక్కాడ ముక్క. చేతిలో కప్పు.

"ఇటలీదే!" అన్నాను.

పిల్లలు చప్పట్లు కొట్టారు. మల్లేశ్ మాత్రం తలపట్టుకున్నాడు. "బండి లేకుంటే హాస్టల్‌కు ఎట్ల పోవాలమ్మ? ఆ పిల్లలకు క్లాసులున్నయి." అప్పుడు మాత్రం నాకు సిగ్గేసింది. సైకిలు గురించి కాదు, ఆ పిల్లల ఆకలి తలుచుకుని. సగం బాల్స్ పక్కనున్న మురుగు మోరీలోకి దొర్లిపోయాయి, మళ్ళీ బిగించేసరికి ఆలస్యమవుతుంది. "నేను తెచ్చిన తంటా, నేనే వేసొస్తాను" అని, డబ్బా ఒళ్ళో పెట్టుకుని, చట్నీ క్యాను చేత్తో పట్టుకుని స్కూటరెక్కాను. మా ఆయన స్కూటరు స్టార్ట్ చేశారు. ముక్కుకి మాత్రం రుమాలు కట్టుకున్నారు.

హాస్టల్ గేటు దగ్గర ఓ అమ్మాయి ప్లేటు పట్టుకుని రెడీగా ఉంది. "ఆంటీ, మల్లేశన్న రాలేదా?"

"నేనొచ్చాను."

"సాంబారేది ఆంటీ?"

నా చుడీదారు చూపించాను.

తిరిగొచ్చేసరికి సలీం భాయ్ కొత్త బాల్స్ వేసి, కప్పు కుడికి తిప్పి బిగించేశాడు. "మీ మాట కరెక్ట్ మేడం. గిప్పుడు మస్తు గట్టిగ పట్టింది" అన్నాడు. నేను గర్వంగా మా ఆయన వైపు చూసేలోపే, "కానీ జర మళ్ళ స్పానర్ మాత్రం ముట్టకుండ్రి" అన్నాడు.

ఫోను తుడిచి చూస్తే వీడియో మొత్తం రికార్డయింది. కప్పు తిరగడం, తర్వాత ఆకాశం, తర్వాత నా కేక. ఉన్నది ఉన్నట్టు గ్రూపులో పెట్టేశాను. దాచుకోడానికి నేనేం తప్పు చెప్పాను? చాలాసేపటికి కులకర్ణి గారి జవాబు వచ్చింది. "జెన్యూన్ ఇటాలియన్. కంగ్రాట్స్ మేడం." కింద ఇంకో లైను, "బట్ విచ్ ఆయిల్ ఈజ్ దట్?" సాంబారని రాశాను. ఫొటో నాలెడ్జ్ అన్న మాట మళ్ళీ ఎత్తలేదు. మా ఆయన మొహంలో వెలుగు కూడా ఆరిపోయింది, జన్మంతా సైకిళ్ళ మాటలు వినాల్సిందే కదా.

ఆ సైకిలు కొనేయకపోయావా అంటున్నారు. ఎందుకు కొనాలి? రేసుల కోసం పుట్టింది ఇడ్లీలు మోస్తోందని జాలిపడేవాళ్ళని చూస్తే నాకు చిరాకు. అది రోజూ పరిగెడుతూనే ఉంది, పిల్లల క్లాసు టైముకి అందేలా. నేను కొంటే మా బాల్కనీలో ఊరికే నిలబడి ఉండేది. కాకపోతే దానికి తగిన గౌరవం దక్కాలి. అందుకే డబ్బా మీద పెద్ద అక్షరాల్లో 'ఇటలీ సైకిల్ మల్లేశ్' అని నా ఖర్చుతో రాయిస్తానన్నాను. యూసుఫ్‌గూడలో ఓ పెయింటర్‌కి కాగితం మీద రాసిచ్చి మరీ వచ్చాను.

నిన్న వెళ్ళి చూశాను. ఎర్రటి అక్షరాలు, పసుపు అంచు, ఎంత బాగా రాశాడో! 'ఇడ్లీ సైకిల్ మల్లేశ్.'

పెయింటర్ని నిలదీశాను. అతను ఎంత మర్యాదగా చెప్పాడనుకున్నారు! "మీరు రాసిచ్చిన దాంట్ల స్పెల్లింగ్ తప్పుండె మేడం. పబ్లిక్ నవ్వుతరని నేనే సరిజేసిన."

లోకమంతా కలిసి తికమకపెడితే పెట్టనివ్వండి. నేను మాత్రం తడబడే రకం కాదు. ఇటలీ ఇటలీయే, ఇడ్లీ ఇడ్లీయే. అన్నట్టు, ఇవాళ మన టిఫిను ఆ సైకిల్ మీద వచ్చిందే. మొహమాటపడకండి, ఇంకో రెండు ఇటలీలు వేసుకోండి.