ఒక్క ఊపులో నలభై బగ్గులు

ఒక్క బగ్గునైనా ముట్టుకోకుండా ఒకే పూట నలభై బగ్గులు బాగుచేసిన ఘనుణ్ణి నేను. ఆ ఘనకార్యం మొన్న మళ్ళీ గుర్తొచ్చింది. మధురవాడలో మా అపార్ట్‌మెంట్ లిఫ్టు ఆగిపోయిందని ఫోన్లో ఫిర్యాదు పెట్టి, నాలుగంతస్తులు ఎక్కి ఆయాసపడుతూ సోఫాలో కూలబడేసరికి, మీ సమస్య పరిష్కరించబడింది అని సందేశం వచ్చింది. మా ఆవిడ మండిపడింది గానీ నాకు మాత్రం నవ్వూ సిగ్గూ ఒక్కసారే ముంచుకొచ్చాయి.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా చిన్న ఆఫీసులో ఓడరేవు గేటు దగ్గర లారీల బరువు రాసుకునే ప్రోగ్రాము తయారుచేసేవాళ్ళం. అందులో దొరికిన తప్పులన్నీ, అంటే బగ్గులన్నీ, ఒక వెబ్ పేజీలో నమోదయ్యేవి. ఆనాటి ఇంటర్నెట్ పుణ్యమా అని ఆ పేజీ తెరుచుకునేలోగా కిందికెళ్ళి టీ తాగి రావచ్చు, ఇంకాస్త ఓపికుంటే గ్లాసు కడిగిచ్చి కూడా రావచ్చు. విసుగెత్తిపోయి, వారం రోజులు కుస్తీపట్టి, ఆ బగ్గులన్నీ నేను ఉత్తరాలు చదువుకునే ఈమెయిల్ ప్రోగ్రాములోకే వచ్చి వాలేలా చేశాను. ఒక్కో బగ్గు ఒక్కో ఉత్తరం. జవాబు రాస్తే అది బగ్గు కింద చేరుతుంది, ఉత్తరాన్ని ‘అయిపోయినవి’ అనే అరలోకి తోస్తే ఆఫీసు లెక్కలో ఆ బగ్గు మూతబడుతుంది. మొదటి బగ్గు అలా టక్కున మూతబడినప్పుడు నేను కుర్చీలోంచి లేచి కేక వేశాను! ఆఫీసంతా నన్ను పోస్ట్‌మాస్టరు గారూ అని పిలవడం మొదలుపెట్టింది. నాకేమో అది బిరుదులాగే వినిపించింది.

మా నాన్న ఉక్కు కర్మాగారంలో షిఫ్టు డ్యూటీ చేసేవారు. ఉక్కునగరం క్వార్టర్లో పెరిగిన నాకు ఆయన నూరిపోసిన సూత్రం ఒక్కటే, షిఫ్టు దిగేముందు మన చోటు అద్దంలా తుడిచి తరవాతివాడికి అప్పజెప్పాలని. నాలుగు రోజులు సెలవు పెట్టి వెళ్ళబోతున్న ఓ ఉదయం, నా పని చూసుకోబోయేవాడు చిందరవందర చూడకూడదని, పెట్టెలో ఉన్న ఉత్తరాలన్నిటినీ ఒక్క ఊపులో ‘అయిపోయినవి’లోకి ఊడ్చేశాను. ఆ అరలో పడ్డ బగ్గు ఆఫీసు లెక్కలోనూ మూతబడేలా చేసింది నేనేనన్న సంగతి ఆ క్షణాన నాకే గుర్తు లేదు.

పది నిమిషాల్లో ప్రోగ్రాము పరీక్షించే అక్క నా బల్ల ముందు నిలబడింది. జాలరి కుటుంబంలోంచి చదువుకుని వచ్చిన మనిషి. ఆ నలభై బగ్గులూ ఆవిడ పట్టినవే.

“ఏటి తమ్ముడూ, నాను టిఫిన్ సేసొచ్చేలోపు నలభై బగ్గులూ సంపేసినావేటి?”

నవ్వబోయి ఆవిడ ముఖం చూసి ఆగిపోయాను. ఆ మధ్యాహ్నమే ఆవిడ ఉద్యోగం ఖాయం చేసే కాగితం మీద మేనేజరు గారు సంతకం పెట్టాలి. ఆయనేమో తన కంప్యూటర్లో ఆ లెక్క చూసి, ఇంత తేలిగ్గా మూతబడ్డాయంటే అసలవి బగ్గులే కావని తేల్చి, కాగితాన్ని పక్కన పెట్టేశారట.

ఇద్దరం ఆయన గదిలోకి వెళ్ళాం. తప్పు నాదేనని ఒప్పుకున్నాను, బగ్గుల మీద ఆయన బగ్గుమన్నారు. అక్క మాత్రం తొణకలేదు.

“సార్, ఒక్క బగ్గు సూడండి. బతికున్నాదో సచ్చిందో మీరే సెప్పండి.”

రెండు లారీలు ఒకే నిమిషంలో గేటు దాటినట్టు ఆయన కంప్యూటర్లోనే నమోదు చేసి చూపించింది. ఖాళీ లారీకి నిండు లారీ బరువు పడింది! నేను పరుగున వెళ్ళి ఉత్తరాలన్నిటినీ వెనక్కి లాగాను. బగ్గు తిరిగి తెరవబడింది, తిరిగి తెరవబడింది అంటూ ఆయన కంప్యూటరు నలభైసార్లు టింగుమంటుంటే, పండగ రోజు చర్చి గంటలు విన్నంత సంబరపడ్డాను. ఆ సాయంత్రం గేటుకు వెళ్ళాల్సిన ప్రోగ్రాము ఆగింది, అక్క కాగితం మీద సంతకం పడింది. నాకు మాత్రం, “మీ పోస్టాఫీసు మూసెయ్యండి బాబూ” అని హుకుం అయింది.

రెండు నెలలు బుద్ధిగా ఆ వెబ్ పేజీ ముందే కూర్చున్నాను. చివరికి పేజీ తెరుచుకునేలోగా మేనేజరు గారి టీ కూడా చల్లారడం మొదలై, ఆయనే చాటుగా పిలిచి తన కంప్యూటర్లోనూ ఆ పోస్టాఫీసు ఏర్పాటు చేసిపెట్టమన్నారు.

ఇప్పుడు ఫిర్యాదులు ఎవరో తెలియనివాళ్ళకు వెళ్తాయి, ఎవరో తెలియనివాళ్ళు మూసేస్తారు. అప్పట్లో ఒక్కో బగ్గుకూ రెండు బల్లల అవతల కూర్చున్న ఒక మనిషి ముఖం ఉండేది. ఆ ముఖం కోసమే, మేనేజరు గారి ఏర్పాటులో నా వంతుగా ఒక చిన్న అడ్డు కలిపాను. ఆయన ఏ ఉత్తరాన్ని ‘అయిపోయినవి’లోకి తోసినా, “అక్కను అడిగారా?” అని కంప్యూటరు ప్రశ్నించేది. అవునని నొక్కేదాకా కదిలేది కాదు, నొక్కితే ఆ సంగతి అక్కకూ ఉత్తరంగా వెళ్ళేది. దాన్ని తీసెయ్యడం ఆయనకు రాదు, నన్ను అడగడానికి అహం అడ్డం. ఆ ఆఫీసులో ఉన్నన్నాళ్ళూ ఆయన రోజుకు నాలుగుసార్లు లేచి, అక్క బల్ల దాకా నడిచి, అమ్మా ఇది అయిపోయినట్టేనా అని అడిగి వెళ్ళేవారు.