బాపు నానబెట్టిన బియ్యపు కాగితాలు

తాటిచెట్టు మీది నుంచి పడి తుంటి విరిగాక బాపు మళ్లీ చెట్టెక్కలేదు. మరుసటి ఏడు అమ్మ సౌదీకి వెళ్లింది, ఒక పెద్దింట్లో వంటపనికి. మా రుద్రంగిలో గల్ఫుకు పోవడం మగవాళ్ల పని. ఆడమనిషి పోయేసరికి వాడకట్టంతా కొన్నాళ్లు అదే ముచ్చట పెట్టుకుంది. ముచ్చట పెట్టినవాళ్లెవరూ వచ్చి మా పొయ్యి వెలిగించలేదు కాబట్టి ఆ పని బాపు మీద పడింది.

మొదట్లో మేం తిన్నవాటి గురించి చెప్పకపోవడమే మర్యాద. అన్నం ఒకరోజు పలుకు, ఒకరోజు జావ. కానీ ఏ కల్లు లొట్టి ఎంత నిండిందో చెట్టు కింద నుంచే చెప్పగలిగిన మనిషికి కుక్కరు కూతలు అర్థం కావడానికి ఎక్కువ కాలం పట్టలేదు. నేను కోరుట్లలో డిగ్రీ చదివే నాటికి కాలేజీలో స్నేహితురాళ్లు నా టిఫిను డబ్బా మూత వాళ్లే తీసేవాళ్లు. ఆ సంగతి ఇంట్లో చెప్పడం నా తెలివితక్కువ. అప్పటి నుంచి వంటింటి గడపలో నేను నిలబడినా ఆయనకు గిట్టేది కాదు.

అమ్మ తొలిసారి సెలవు మీద వచ్చినప్పుడు ఆ గడప దగ్గరే చిక్కొచ్చింది. వచ్చిన మర్నాడు పొద్దున్నే పసుపు కోసం వెతికింది. బాపు పొడుగరి. డబ్బాలన్నీ తన చేతికి అందే ఎత్తున సర్దుకున్నాడు. అమ్మ పొట్టి. ఆమె మునివేళ్ల మీద లేచి తడుముకుంటుంటే ఆయన వెనకే నిలబడి, ఏం కావాలో తనను అడిగితే చాలు కదా అన్నాడు. తన ఇంట్లో తాను చుట్టమైపోయినట్టుందని అమ్మ ఆ రోజు నాతో రెండుమూడుసార్లు అంది. నవ్వుతూనే అంది గానీ మూడోసారి ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

వారం తిరిగాక సూట్‌కేసు అడుగు నుంచి రెండు పాకెట్లు తీసింది. లోపల గుండ్రంగా, తెల్లగా, గాజులా పెళుసుగా ఉన్న బిళ్లలు. అప్పడాలా అని అడిగాను. బియ్యపు కాగితాలంది. బాపు ఒకటి తీసి వెలుతురుకు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశాడు.

"నా తుంటి ఎక్స్‌రే లెక్కనే ఉన్నది. గిది తినుడా, డాక్టర్‌కు సూపెట్టుడా?"

అమ్మ పట్టించుకోలేదు. దీనిలో ఉడికించిన రొయ్యలు, పచ్చి కూరగాయల ముక్కలు, పుదీనా పెట్టి చుట్టాలని, వేయించేది లేదు, తాలింపు లేదు అని చెప్పింది. తాలింపు లేదన్న మాట దగ్గర బాపు ముఖం చూడాల్సిందే. ఆయనకు తెలిసిన రొయ్యలు అంగట్లో దొరికే ఎండు రొయ్యలే. పచ్చివి కావాలంటే సిరిసిల్ల పోవాలి, మానేరు నీళ్ల రొయ్యలు అక్కడ అమ్ముతారు. ఆదివారం తొలి బస్సుకు తానే వెళ్లాడు. కుంటుకుంటూ స్టీలు క్యానులో మంచుముక్కల మధ్య రొయ్యలు తెచ్చి, బస్సులో తన పక్క సీటులో ఎవరూ కూర్చోలేదని, కాళ్లు చాపుకుని వచ్చానని సంబరంగా చెప్పాడు.

అమ్మా నేనూ పెరట్లో కూర్చుని రొయ్యలు ఒలిచాం. పాలకూర లాంటి ఆకేదో కావాలంది, దాని పేరు అమ్మకూ తెలియదు. మా ఊళ్లో దొరికింది క్యాబేజీ. సన్నటి బియ్యపు సేమియా బదులు పాయసం సేమియానే ఉడికించింది. కాగితాలను మాత్రం ఆఖర్న నీళ్లలో తడపాలని నాతో చెబుతుంటే లోపలి నుంచి బాపు విన్నాడు. సగమే విన్నాడు.

మేం లోపలికి వచ్చేసరికి ఆయన చేతులు తుడుచుకుంటూ, నీకు పని తగ్గించానన్నట్టు నిలబడ్డాడు. సకినాలకు బియ్యం నానబెట్టినట్టు ఒక పాకెట్ మొత్తం తపేలాలో వేసి, నీళ్లు నిండా పోసి, పైన మూత కూడా పెట్టాడు. అమ్మ మూత తీసింది. కాగితాలన్నీ ఒకదానికొకటి అంటుకుని తెల్లటి ముద్దయ్యాయి. అప్పుడే మజ్జిగ కోసం వచ్చిన పక్కింటి చిన్నమ్మ తొంగి చూసి, ఇయాల జొన్న గట్క వండిండ్రా అని అడిగింది.

నాకు నవ్వాగలేదు. అమ్మ నవ్వలేదు. తపేలా పక్కనే పీట మీద కూర్చుండిపోయింది. తనంతట తానే చెప్పింది. అమ్మమ్మ చనిపోయిన కబురు సౌదీలో తెలిసినప్పుడు ఆ ఇంటివాళ్లు ఆమెను పంపలేదు. పనైతే ఆగదు కదా, వండింది, వడ్డించింది, తాను మాత్రం తినలేకపోయింది. ఆ ఇంట్లో పిల్లలను చూసుకోవడానికి వియత్నాం నుంచి వచ్చిన ఒకామె ఉండేది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు.

"ఉడుకుడుకు బువ్వ ముంగట వెట్టుకుంటే నన్ను గన్న అవ్వ యాదికొచ్చి ఏడ్పచ్చేది బిడ్డా. ఆమె ఏమనుకున్నదో ఏమో, గివి చేసి సల్లగ చేతుల వెట్టింది. ఒక్కటి తిన్న. ఇంకోటి తిన్న. గప్పటిసంది బతికిన."

బాపు తపేలా ఎత్తుకుని పెరట్లోకి పోయి కోళ్లకు పోసి వచ్చాడు. వచ్చి గడప బయటే నిలబడ్డాడు.

"ఇంకో పాకెట్ ఉన్నది గదా. నేను ముట్ట. నువ్వు చెయ్యి."

ఆయన గడప బయట, అమ్మ లోపల. అన్నేళ్లలో ఆ దృశ్యం నాకు అదే మొదటిసారి.

అమ్మ వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పోసి ఒక్కో కాగితాన్ని అలా ముంచి ఇలా తీసింది. పీట మీద పరిచి, కాస్త ఆగి, క్యాబేజీ, సేమియా, రొయ్యలు, పుదీనా పెట్టి, అంచులు లోపలికి మడిచి చుట్టింది. పలచని పొర కింద రొయ్యలు గులాబీ రంగులో మెరిశాయి. సౌదీకి పోకముందు అమ్మ బీడీలు చేసేది. మా వైపు ఇంటికొక చాట, చాటలో తునికాకు, తంబాకు ఉంటాయి. చిన్నమ్మది ఇప్పటికీ అదే పని. ఆమె మజ్జిగ సంగతి మర్చిపోయి చూసి చూసి, చీర కుచ్చిళ్లు దోపుకుని ఎదురుగా కూర్చుంది. మొదటిది చినిగింది. రెండోదానికల్లా వేళ్లకు పట్టు దొరికింది. అలవాటు కొద్దీ దాని మూతి బొటనవేలితో నొక్కి మూసి, చేయి చాచి దారం అడిగింది. అప్పుడు నవ్వింది అమ్మ, కళ్లలో నీళ్లు వచ్చేదాకా.

బాపు తన వంతు వచ్చాక ఒకటి పెదాల మధ్య పెట్టుకుని అగ్గిపెట్టె ఉందా అని చుట్టూ చూశాడు. తర్వాత పల్లీల పచ్చడిలో ముంచి కొరికాడు. మేం ముగ్గురం ఆయన దవడలనే చూస్తున్నాం. ఉప్పు తక్కువ, కారం లేదు, నోట్లో మాత్రం కరకర బాగుందన్నాడు. తాలింపు పెడితే ఇంకా బాగుండేదని కూడా అన్నాడు. అలా లోపాలు ఎంచుతూనే పళ్లెంలో సగం ఖాళీ చేశాడు.

సెలవు అయిపోయాక అమ్మ వెళ్లిపోయింది. బాపు ఆమెను బస్సెక్కించి వచ్చి ఆ పూట వండలేదు, నేనే వండాను. ఉప్పెక్కువైనా ఏమీ అనలేదు. తర్వాత నేను పైచదువుకు జగిత్యాలలో ఉంటున్నప్పుడు పెద్ద దుకాణాల్లో బియ్యపు కాగితం కోసం అడిగాను. ఒకచోట బేకరీ కాగితం చూపించారు, ఇంకోచోట స్కూలు పిల్లల చార్టులు.

కొన్నేళ్లకు అమ్మ పూర్తిగా వచ్చేసింది. ఆ వియత్నాం ఆమె కూడా వాళ్ల ఊరికి చేరుకుంది. అప్పుడప్పుడు వీడియో కాల్ చేస్తుంది. ఇద్దరికీ ఇప్పటికీ ఒక్క మాట కలవదు. ఆమె తన పొయ్యి మీది గిన్నె చూపిస్తుంది, అమ్మ మా పొయ్యి మీది గిన్నె చూపిస్తుంది, ఇద్దరూ తలలూపుకుని నవ్వుకుంటారు. మొన్న నేను ఇంటికి వెళ్లిన రోజు బాపు చేపల పులుసు గరిటెతో ఎత్తి ఫోనుకు అడ్డం పెట్టాడు. అటు నుంచి ఆమె గబగబా ఏదో అంది. తన పులుసును మెచ్చుకుందని బాపు నాతో చెప్పాడు.

అమ్మ ఫోను తన వైపు తిప్పుకుంది. "మెచ్చుకునుడు లేదు, ఏం లేదు. గీ ముసలాయన ఎవలని అడుగుతున్నది."