మూడడుగుల రాడ్డు

మా ఇంటికి ఎదురుగా, రోడ్డు అవతల ఒక గిర్నీ ఉంది. గోధుమలు, మిరపకాయలు, అన్నిటికంటే ఎక్కువగా పసుపు పడతారు. దాన్ని నడిపేది ఒక అక్క. మాకు వరసకు ఏమీ కాదు, పదిహేనేళ్లుగా ఎదురింట్లో ఉంటోంది కాబట్టి అక్క. భర్త పోయాక ఇంటి ముందుగదిలో మోటారు పెట్టించుకుని, ఒక్కతే నడుపుకుంటోంది.

నేను మార్కెట్ యార్డులో దడ్వాయిని, అంటే రైతులు తెచ్చిన బస్తాలు తూకం వేసేవాడిని. పదో తరగతితో చదువు ఆగిపోయింది. కానీ ఊళ్లోని గ్రంథాలయంలో నేను ముట్టని అలమర లేదని చెప్పుకునేవాడిని. పసుపు రాని నెలల్లో మధ్యాహ్నాలన్నీ అక్కడే గడిచేవి. నక్షత్రాల గురించి, పాము కాటుకు వైద్యం గురించి, సముద్రం అడుగున ఉండే చేపల గురించి, ఏది దొరికితే అది చదివేవాడిని. చదివింది ఎవరికో ఒకరికి చెప్పకపోతే అన్నం సయించేది కాదు. ఎక్కువగా వినేది ఆ అక్కే. సాయంత్రం గిర్నీ ఆపి, మొహం మీది పసుపు కొంగుతో తుడుచుకుంటూ, "ఏం తమ్మీ, ఇయ్యాల ఏం సదివినవ్?" అని అడిగేది. చెప్పిందంతా విని "అబ్బో" అనేది. ఆ ఒక్క మాట కోసమే చదివిన పుస్తకాలు కూడా ఉన్నాయి.

ఆమె గిర్నీని ముట్టుకుంటే చెయ్యి జుమ్మనేది. పాత మోటారు. సన్నటి పసుపు దుమ్ము లోపలికి పోయి, ఎక్కడో కరెంటు బయటికి కారుతోంది. దానికి అక్క తన ఉపాయం తాను చేసుకుంది. గిర్నీ ముందు ఒక పొడవాటి టేకు చెక్క వేసుకుని, రబ్బరు చెప్పులు తొడుక్కుని, ఆ చెక్క మీద నిలబడే పని చేసేది. చెక్క దిగితే గిర్నీని తాకేది కాదు.

చిక్కంతా చెప్పులతో వచ్చింది. పెండ్లిళ్ల రోజుల్లో పెండ్లి పసుపు పట్టించడానికి ఆడవాళ్లు వస్తారు. కొమ్ములను కొత్త బట్టలో కట్టి, బొట్టు పెట్టి తెస్తారు. అంకాపూర్ నుంచి వచ్చిన ఒక ముసలమ్మ మూట ఇవ్వబోతూ అక్క కాళ్లవైపు చూసి ఆగిపోయింది.

"చెప్పులేస్కోని లచ్చిమిని పడ్తవా బిడ్డా? గసొంటి పసుపు నా మన్మరాలికి రాయాల్నా?"

మూట వెనక్కి తీసుకుని వెళ్లిపోయింది. ఆ సాయంత్రం అక్క నన్ను ఏం చదివావని అడగలేదు. "తమ్మీ, నీ పుస్తకాలల్ల దీనికేమన్న మందున్నదా? చెప్పులు ఇడిస్తె కరెంటు గుంజుతది. ఏస్కుంటె పెండ్లి పసుపు పోతది," అంది.

ఉంది అన్నాను. అడిగిందే తడవుగా చెప్పగలిగినందుకు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. గ్రంథాలయంలో ఇళ్ల వైరింగు గురించి అట్ట ఊడిపోయిన పుస్తకం ఒకటి ఉండేది. ఎర్తింగు అధ్యాయం నాకు దాదాపు నోటికి వచ్చు. యంత్రం ఒంటి నుంచి ఒక తీగ తెచ్చి, భూమిలోకి లోతుగా దింపిన రాడ్డుకు కలపాలి. కారిన కరెంటు మనిషి ఒంట్లోంచి కాకుండా ఆ తీగ వెంట భూమిలోకి పోతుంది. రాడ్డు ఎనిమిది అడుగులు ఉండాలి, కింద తడి ఉన్న మట్టి తగలాలి, చుట్టూ బొగ్గు, ఉప్పు వేసి అప్పుడప్పుడు నీళ్లు పోయాలి. ఇదంతా విని అక్క "అబ్బో" అంది.

అయినా ఆమె తెలివైన మనిషి. మా వాడకట్టులో వైరింగు పనులన్నీ చేసే ఎలక్ట్రీషియన్ భాయ్‌ని ముందుగా పిలిచింది. ఆయన ఇంటి చుట్టూ తిరిగి, గుమ్మం పక్కన నేలను మడమతో రెండుసార్లు తన్ని చూశాడు.

"ముందటి దిక్కు వద్దమ్మా, కింద బండ ఉంటది. ఎన్కల బోరు కాడ మట్టి మంచిగున్నది, ఆడ దిగుతది. రెండు రోజుల పని. రాడ్డొక్కటే సాలదు మళ్ల, కరెంటు లీకయితె టక్కున పడిపోయే స్విచ్చు గూడ పెట్టాలె. ఇప్పుడు నాకు సీజన్. జర ఒక నెల ఆగు."

నేను ఊరుకోలేదు. రాడ్డు యంత్రానికి దగ్గరగా ఉంటేనే మంచిదని పుస్తకంలో ఉందన్నాను. భాయ్ నవ్వాడు. "నీ కితాబుల మన ఆర్మూర్ బండ ఉన్నదా సాబ్?" అన్నాడు. అక్క కూడా నవ్వింది. ఊరి మీదికి ఒరిగినట్టుండే గుట్ట, దాని నల్లటి రాళ్లు మా అందరికీ పుట్టినప్పటి నుంచి తెలిసినవే. వాళ్లు నవ్వడంలో తప్పేమీ లేదు. కానీ ఆ నవ్వు నాకు గుచ్చుకుంది. ఒక్క పుస్తకం తెరవని మనిషి, ఈయన నాకు చెప్పేదేమిటి అని మనసులో అనుకున్నాను. పైకి మాత్రం, "నెలెందుకక్కా, నేనే పెడ్త," అన్నాను.

హార్డ్‌వేర్ షాపులో రాగిపూత వేసిన ఎనిమిది అడుగుల రాడ్డు తెచ్చాను. గుంట గుమ్మం పక్కనే తీశాను. యంత్రానికి దగ్గరని చెప్పాను గానీ, అసలు కారణం అది కాదు. వచ్చేపోయేవాళ్లకు కనబడాలి. ఎవరు పెట్టారని అడగాలి.

మధ్యాహ్నం అక్క రేషన్ షాపుకు పోయింది. నేను సమ్మెటతో కొడుతున్నాను. మూడడుగుల దాకా మెత్తగా దిగింది. ఆ తర్వాత ఠంగుమని మోగింది. చేతులు భుజాల దాకా అదిరాయి. పీకి, జానెడు పక్కకు జరిపి కొట్టాను. అక్కడా అంతే. మూడోచోట కూడా అదే మోత.

అప్పుడు నేను అనవలసిన మాట చాలా చిన్నది. భాయ్ చెప్పింది నిజమే అక్కా, కింద బండ ఉంది. అంతే. ఆమె వచ్చేలోపు ఆ మాట రెండుమూడు సార్లు నాలుక మీదికి వచ్చింది కూడా. కానీ దాంతోపాటే భాయ్ నవ్వు కూడా వచ్చేది. ఇంటికి పోయి హాక్సా బ్లేడు తెచ్చి, పైకి నిలబడిన ఐదడుగుల ముక్కను కోసేశాను. దాన్ని గోనెసంచిలో చుట్టి మా ఇంటి అటక మీద పెట్టాను. మిగిలిన తుంటకు తీగ బిగించి, బొగ్గు, ఉప్పు వేసి, నీళ్లు పోయడానికి ఒక చిన్న గొట్టం నిలబెట్టి, మట్టి పూడ్చాను.

ఇంకా ఒకటి చేశాను. చెప్పడానికి అదే ఎక్కువ కష్టంగా ఉంది. పెట్టిన ఎర్తు మంచిదో కాదో చూడటానికి పుస్తకంలో ఒక పరీక్ష ఉంది. కరెంటు తీగకూ ఎర్తుకూ మధ్య ఒక పెద్ద బల్బు తగిలిస్తే అది పూర్తి వెలుగుతో మండాలి. నూరు వాట్ల బల్బు పెట్టి చూశాను. బీడీ కొసలా ఎర్రబడి ఊరుకుంది. దాన్ని తీసి, అక్క దేవుడి గూట్లోని జీరో బల్బు పెట్టాను. అది ఎంత తక్కువ కరెంటుకైనా వెలుగుతుంది. చక్కగా వెలిగింది. అప్పుడు అక్కను, ఇరుగుపొరుగును పిలిచి చూపించాను.

"ఎనిమిది అడుగులు దిగిందా తమ్మీ?"

"ఎనిమిది దిగింది అక్కా."

"అబ్బో!"

ఇంక ఈ చెక్కతో పనేముందని నేనే అన్నాను. అక్క దాన్ని ఎత్తి నా చేతుల్లో పెట్టింది. "నీ పుస్తకాలకు పెట్టుకో. నాకు ఇంత జేసినవ్," అంది. దాన్ని మా గోడకు బిగించి, నా పుస్తకాలన్నీ దాని మీద సర్దుకున్నాను.

వానాకాలం, చలికాలం ఏమీ కాలేదు. నేలలో తడి ఉన్నంత కాలం మూడడుగుల తుంట కూడా ఎంతో కొంత పని చేసింది. గిర్నీ జుమ్మనడం తగ్గింది. అక్క చెప్పులు గుమ్మం బయటే విడిచి పని చేసేది. పెండ్లి పసుపు మళ్లీ రావడం మొదలైంది. నీళ్లు పోయమని చెప్పాను కదా, శుక్రవారం తలస్నానం చేసి ఒక చెంబెడు పోసి, ఆ గొట్టానికి పసుపు రాసి బొట్టు పెట్టేది. నేను గుమ్మంలో పుస్తకం పట్టుకుని కూర్చుంటే అది కనిపించేది. పేజీ తిప్పేవాడిని.

ఎండాకాలం వచ్చింది. ఒక ఆదివారం పొద్దున పెండ్లివాళ్లు ఒక మూట తెచ్చారు. పెండ్లి పసుపు పట్టే ముందు అక్క గది అంతా నీళ్లతో కడుగుతుంది. ఆ రోజూ కడిగింది. తడి నేల మీద వట్టి కాళ్లతో నిలబడి, కొమ్ములు పోసే రేకు మీద చెయ్యి వేసింది.

నేను విన్నది ఆమె గొంతు కాదు, మూట తెచ్చిన ఆమె గొంతు. "ఇడుస్తలేదు, అయ్యో, చెయ్యి ఇడుస్తలేదు!" రోడ్డు దాటి పరుగెత్తి, బయట గోడకు ఉన్న మెయిను స్విచ్చు కిందికి గుంజాను. అక్క పక్కకు ఒరిగి పడిపోయింది. అరచేయి మీద చర్మం తెల్లగా ఉబ్బి ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. కానీ నన్ను గుర్తుపట్టడానికి కొంతసేపు పట్టింది.

దవాఖానలో కొన్ని రోజులు ఉంచారు. బతికింది. కుడిచేతి చివరి రెండు వేళ్లు ముడుచుకోవడం లేదు, వాటికి వేడీ చల్లా తెలియడం లేదు. మెల్లగా రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు.

ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది. చూడటానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ మంచం మీద నుంచే నన్ను చూపించేది. "మా తమ్ముడు ఎనిమిది అడుగులు దింపిండు కాబట్టి బతికిన. లేకుంటె ఆడనే పోదును." పక్క మంచం మీద ఉన్న, నందిపేట్ నుంచి వచ్చిన ఆమె అది విని, "మా ఇంటికి గూడ పెట్టరాదు అన్నా, మా కూలరు గూడ గట్లనే గుంజుతది," అంది. చూద్దాం అన్నాను. కాదు అనాల్సిన చోట చూద్దాం అన్నాను.

అక్క ఇంటికి వచ్చాక భాయ్ మోటారు బాగుచేయడానికి వచ్చాడు. పని అయ్యాక తన సంచిలోంచి నూరు వాట్ల బల్బు తీసి, ఎర్తు తీగకు తగిలించాడు. మా గుమ్మంలోంచే నాకు ఆ ఎర్రటి చుక్క కనిపించింది. నన్ను పిలిచాడు.

"ఎన్ని అడుగులు సాబ్?"

"ఎనిమిది."

భాయ్ నా వైపు చూడలేదు. బల్బు విప్పి, చేతి రుమాలుతో తుడిచి, సంచిలో పెట్టుకున్నాడు. "అమ్మ రేపు గిర్నీ చాలూ జేస్తనంటుంది. నేను వద్దంటె ఇనదు. నీ మాటైతె ఇంటది," అని వెళ్లిపోయాడు. ఈసారి నవ్వలేదు.

మరునాడు పొద్దున అక్క తలుపు తీసే వేళకు గడ్డపార తీసుకుని పోయాను. ఆమె చెప్పులు అప్పటికే గుమ్మం బయట ఉన్నాయి. ఎడమచేత్తో మెయిను వేయబోతోంది. ఆగమన్నాను. గొట్టం పీకి, మట్టి తవ్వి, రాడ్డు పట్టుకుని లాగాను. ఎండిన మట్టి దాన్ని ఆపలేదు. ఒక్క చేత్తోనే వచ్చేసింది.

"ఇదేంది?"

"గిదే రాడ్డు అక్కా. మూడు అడుగులే దిగింది. బండ తాకింది."

"మరి కడమది?"

"కోసిన. మా అటక మీద ఉన్నది."

అక్క ఆ తుంటను నా చేతిలోంచి తీసుకుంది. దాని కొసకు అంటిన ఉప్పును బొటనవేలితో గీకింది.

"శుక్రారం శుక్రారం గీ తుంటకేనా నేను బొట్టు వెట్టింది?"

నేను పీకిన గొట్టాన్ని తీసి గోడకు ఆనించాను.

"బండ తాకిందని జెప్తె నేనేమన్న అందునా తమ్మీ? గా బండను నువ్వు పెట్టినవా?"

తప్పు పుస్తకం మీద వేయడానికి లేదు. పుస్తకంలో ఉన్నదంతా సరిగ్గానే ఉంది.

భాయ్‌ని నేనే పోయి పిలుచుకొచ్చాను. ఇంటి వెనక, బోరు దగ్గర రెండు రోజులు తవ్వాను. ఆయన మోడా మీద కూర్చుని "ఇంకింత," "ఇంకింత" అనడం తప్ప వేరే మాట అనలేదు. కొత్త రాడ్డు మొత్తం దిగింది. మోటారుకు విడిగా ఆ పడిపోయే స్విచ్చు పెట్టాడు. బల్బు తగిలిస్తే ఎండలో కూడా కళ్లు చెదిరేలా మండింది. నందిపేట్ ఆమె ఇంటికి కూడా ఆయననే పొమ్మని చెప్పి, నాకు రాదని ఆమెకు ఫోన్ చేశాను.

అంతా అయ్యాక అక్క ఒక్కటే అడిగింది. "నా చెక్క నాకు ఇస్తవా?"

పుస్తకాలు కిందికి దింపి, మేకులు పీకి, తుడిచి ఇచ్చాను. ఇప్పుడు పుస్తకాలు నేల మీదే ఉన్నాయి. అక్క చెప్పులు తొడుక్కుని ఆ చెక్క మీదే నిలబడి పసుపు పడుతుంది. పెండ్లి మూట తెచ్చినవాళ్లకు తనే ముందుగా చెప్పేస్తుంది. "నేను చెప్పులేస్కుంట అమ్మా, బస్టాండ్ కాడ ఇంకో గిర్నీ ఉన్నది, గాడికి పోండ్రి." ముడుచుకోని వేళ్లతోనే దారి చూపిస్తుంది.

మొన్న అలా ఒక మూట తిరిగి పోవడం చూడలేక రోడ్డు దాటి పోయాను. "అక్కా, ఇప్పుడు భయం లేదు. నిజంగ చెప్తున్న, చెప్పులు ఇడువు," అన్నాను.

"నువ్వు జెప్తున్నవా, భాయ్ జెప్తున్నడా?"

"భాయే చెప్పిండు. నేను గూడ చూసిన."

"సరె," అంది. తర్వాత చెప్పుల కాలితోనే చెక్కను కొంచెం సర్దుకుని, దాని మీద నిలబడి, మోటారు వేసింది. ఆ మోతలో నేను ఇంకేం చెప్పినా ఆమెకు వినిపించదు.