అయ్యగారి ఫొటో

కంప్యూటరు చెప్పిన మాట వింటుందని గట్టిగా నమ్మిన రోజులు నాకూ ఉన్నాయి. గుంటూరులో వెబ్‌సైట్ల కోర్సు చేసి, మెడలో ఐడీ కార్డు తీయకుండానే బస్సెక్కి ప్రత్తిపాడు దగ్గర మా ఊరికి వచ్చేవాణ్ణి. (ఆ కార్డు మీద పేరు ఎవరూ చదవలేదు, అది వేరే సంగతి.) నా విద్యకు మొదటి బలి మా చర్చి. సంఘానికో వెబ్‌సైటు కట్టాను. అందులో ఆరాధన వేళలు, మిరపకోతలయ్యాక వచ్చే కోత పండుగ వివరాలు, అన్నిటికీ పైన పాస్టరు అయ్యగారి నిలువెత్తు ఫొటో. ఆ ఫైలుకు ‘పాస్టర్’ అని పేరు పెట్టాను. ఎవరొచ్చినా పాస్టరే కదా అని నా దూరదృష్టి.

ఆ ఏడే అయ్యగారికి బదిలీ అయింది. ఆపమని పైవాళ్ళకు అర్జీ పెట్టినవాళ్ళలో సంఘ పెద్ద అయిన మా నాన్నది మొదటి సంతకం. అర్జీ పారలేదు, కొత్త అయ్యగారు వచ్చారు. నేను పాత ఫొటో తీసేసి, అదే పేరుతో కొత్తది ఎక్కించి, కింద పేరు కూడా మార్చి, నా ఫోన్లో చూసుకుని మురిసిపోయాను. మర్నాడే నాన్నకూ నాకూ చర్చి ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. అక్కడి కంప్యూటర్లో పాత అయ్యగారు చిరునవ్వు నవ్వుతున్నారు, ఆయన కింద కొత్త అయ్యగారి పేరు.

“ఇది మీ అబ్బాయి పనేనా, పెద్దయ్యగారూ?” అన్నారు కొత్త అయ్యగారు మా నాన్నతో, చాలా మర్యాదగా. ఆ మర్యాదకే నాకు చెమటలు పట్టాయి.

“చూడండి అయ్యగారూ, నా ఫోన్లో మీరే ఉన్నారు” అన్నాను.

“నీ ఫోన్లో నేను, నా కంప్యూటర్లో ఆయనా?”

“అంటే అండీ, ఒకసారి చూసిన బొమ్మని కంప్యూటరు దాచుకుంటుందండి. మళ్ళీ అదే పేరు కనబడితే, ఉన్నదే కదా అని దాచిందే చూపిస్తుందండి.” (పాత అయ్యగారు రోజూ పొద్దున్నే ఆ కంప్యూటర్లోనే ఆ పేజీ తెరిచి తనను తాను చూసుకునేవారన్న సంగతి చెప్పలేదు.)

ఆయన ఆ యంత్రం వైపు బాధగా చూశారు. “అయితే దీనిక్కూడా ఆయనే కావాలన్నమాట.” తర్వాత, ఈసారి కోత పండుగ వేలం ఇంకెవరైనా వేస్తారులే అన్నారు.

కోత పండుగకు జనం తెచ్చిన గుమ్మడికాయల్నీ కోళ్ళనీ మిరపకాయల బస్తాల్నీ వేలం వేయడం నా ఊహ తెలిసినప్పటినుంచీ మా నాన్న పని. ఆ ఒక్క రోజు కోసమే ఆయన ఏడాదంతా గొంతు కాపాడుకునేవారు. దారిలో ఒక్క మాటే అన్నారు: “ఒరేయ్, నీ చదువు నా నోరు మూయించిందిరా.” నాకు నిజంగా ఏడుపొచ్చింది.

కోర్సు చెప్పిన సారుకి ఫోన్ చేస్తే పగలబడి నవ్వారు. “పేజీలో బొమ్మ పేరు చివర ఓ అంకె తగిలించరా, కొత్త బొమ్మనుకుని తెప్పించుకుంటుంది” అన్నారు. ఆఫీసుకెళ్ళి, అయ్యగారికి చూపిస్తూ రెండు అంకె తగిలించాను. పాత అయ్యగారు మాయమై కొత్త అయ్యగారు ప్రత్యక్షమయ్యారు. ఆయన చాలాసేపు తనను చూసుకుని, “కాస్త పెద్దది చెయ్యరాదూ?” అన్నారు. చేశాను. ఆ ఆదివారం కోత పండుగలో మళ్ళీ మా నాన్న వేలానికే చర్చి పైకప్పు అదిరింది. మొదటి గుమ్మడికాయ కొత్త అయ్యగారే పాడుకున్నారు.

ఇప్పుడు నేను ఇలాంటి పనులతోనే బతుకుతున్నాను, ఆ అంకె మార్చడం చేతికి అలవాటైపోయింది. మొన్న ఆ అయ్యగారికీ సింగరాయకొండ బదిలీ అయింది. ఈసారీ మా నాన్న అర్జీ పెట్టారు, ఈసారీ పారలేదు. వెళ్ళేముందు అయ్యగారు ఫోన్ చేశారు.

“బాబూ, కొత్తాయన ఫొటో ఎక్కించావా?”

“ఎక్కించానండి.”

ఆయన గొంతు తగ్గించారు. “ఆ అంకె... ఇప్పుడే మార్చాలంటావా?”

వెంటనే మారుస్తానండీ అని చెప్పి ఫోన్ పెట్టేశాను. మార్చలేదు. మరుసటి ఆదివారం దాకా రెండును రెండుగానే ఉంచాను; అన్నాళ్ళూ ఆఫీసు కంప్యూటర్లో ఆయనే నవ్వుతూ ఉన్నారు. ఏమీ తెలియని ఆనాటి కుర్రాడిగా నేను కావాలని చేశానని ఆయన అనుకున్న పనిని, అన్నీ తెలిసిన నేను ఇన్నేళ్ళకు కావాలనే చేశాను.